ప్రశ్నలు నావి, పేరు మావారిది

మావారు లైబ్రరీ సైన్సు చదివింది పుస్తకాల మీద ప్రేమతో కాదు, నాకు తోడు రావడానికి. ఈ ముక్క ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. బజారుకి తోడు వెళ్ళడం విన్నాం గానీ, ఫీజు కట్టి మరీ కోర్సుకి తోడు వెళ్ళడం ఏంటని నవ్వుతారు. రెండువేల నాలుగులోనో అయిదులోనో మా రామచంద్రపురంలో అలాంటివి జరిగేవి.

అప్పటికి నేను ఊళ్ళో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదకొండేళ్ళుగా లైబ్రరీ చూసుకుంటున్నాను. పేరుకి ఆఫీసు అసిస్టెంటుని, జీతం కూడా ఆ పేరుకి తగ్గట్టే. కానీ లైబ్రరీ తాళంచెవి నా కొంగున ఉండేది. ఏ పుస్తకం ఏ అరలో ఉందో, ఏ పుస్తకంలో ఎవరు నెమలీక దాచుకున్నారో కూడా నాకు తెలుసు. ఆ ఏడాది స్కూలుని జూనియర్ కాలేజీ చేస్తున్నారని తెలిసింది. కాలేజీ అన్నాక పర్మినెంటు లైబ్రేరియన్ ఉండాలి, లైబ్రేరియన్ అన్నాక సర్టిఫికెట్టు ఉండాలి. కరస్పాండెంటు గారు నన్ను పిలిచి, "వచ్చే జూన్‌లోగా సర్టిఫికెట్టు తెచ్చుకోండమ్మా. లేకపోతే కాకినాడ నుంచి ఎవరినైనా వేసుకోవాల్సి వస్తుంది" అన్నారు. ఆయన మర్యాదగానే చెప్పారు. నాకు మాత్రం నా వంటింట్లో ఎవరో పరాయి మనిషి గిన్నెలు సర్దుతున్నట్టు అనిపించింది.

పేపర్లో ప్రకటన చూపించింది మావారే. ఏదో యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్నెట్‌లో లైబ్రరీ సైన్సు చెబుతారట, ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చట. ఇంట్లో కూర్చోవడానికి కుర్చీలున్నాయి గానీ కంప్యూటర్ లేదు. కాబట్టి మాకు ఇంట్లో కూర్చుని చదవడమంటే, బస్టాండు పక్కనున్న నెట్ సెంటర్‌కి వెళ్ళి కూర్చోవడం. మావారు కాసేపు ఆలోచించి, "నువ్వొక్కదానివీ అక్కడికెళ్ళి గంటలు గంటలు కూర్చుంటే ఏం బావుంటుంది? నేనూ చేరతాలే" అన్నారు. మొగుడూ పెళ్ళాం కలిసి చేరితే ఫీజులో కొంత తగ్గింపు ఉందని కూడా కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన రైసుమిల్లు ఆఫీసులో పనిచేసేవారు. దినపత్రిక తప్ప మరో అచ్చుకాగితం ఇష్టంగా చదవగా నేను చూడలేదు.

ఆ నెట్ సెంటర్ గురించి చెప్పాలి. లోపల ప్లైవుడ్ గదులు ఆరున్నాయి. ప్రతి గదికీ తలుపు, తలుపుకి గడియ, లోపల ఫ్యాను. అవి మగవాళ్ళకి. ఆడవాళ్ళకి మాత్రం వీధి గుమ్మం పక్కనే, నలుగురూ నడిచే చోట, ఒక బల్లా కుర్చీ వేశారు. గదీ లేదు, తలుపూ లేదు, ఫ్యాను గాలి ఓనరు గారి కౌంటరు దాకా వచ్చి ఆగిపోయేది. పైగా కంప్యూటర్ తెర వీధి వైపుకి తిరిగి ఉండేది. ఇదేంటండీ అని ఓనరుని అడిగితే, "ఆడవాళ్ళు వచ్చే చోట చాటు ఉండకూడదండీ మేడం. ఊళ్ళో పెద్దలు చెప్పారు. మీ పరువు కోసమేనండి" అన్నాడు. నా పరువు కోసం నేను ఎండలో చదువుకోవాలి, మావారి పరువుకి ఏ ప్రమాదమూ లేదు గనక ఆయన ఫ్యాను కింద గడియ పెట్టుకుని చదువుకుంటారు. పోనీ చదువుకున్నారా అంటే అదీ లేదు. ఒకసారి తలుపు కొడితే కళ్ళు నులుముకుంటూ తీశారు, తెర మీద క్రికెట్టు స్కోరు ఉంది.

నాకేమో చదువు మొత్తం వీధిలోనే. కాకినాడ బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి కాలక్షేపం నా తెర. మెట్ల మీద పూలబుట్ట పెట్టుకుని కూర్చునే ఒకావిడ ఉండేది. స్కూల్లో పనిచేసేదాన్ని గనక నేను ఆవిడ లెక్కలో పంతులమ్మనే. ఆవిడకి చదువు రాదు, అయినా దండ కడుతూ కడుతూ తెర చూసేది. పేజీ మారకపోతే, "ఇయ్యాళ ఇంకా కదల్లేదేంటండీ" అనేది. మా కోర్సులో నా హాజరు అంత శ్రద్ధగా కనిపెట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు.

కోర్సులో పాఠాలు చదువుకోవడం ఒకటి, చర్చావేదిక అని ఇంకొకటి. పాఠం మీద సందేహాలు అక్కడ రాస్తే యూనివర్సిటీలో ఉన్న సారూ, తోటి విద్యార్థులూ జవాబులు రాస్తారు. కీబోర్డు మీద తెలుగు రాదు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం. మన గోదావరి వాళ్ళు ఎక్కువమంది చేరారేమో, చర్చ మొదలవ్వడానికే అరగంట పట్టేది. నమస్కారమండి, బాగున్నారాండి, సారుగారికి నమస్కారమండి, అందరికీ నమస్కారమండి. శనివారం సాయంత్రం ఆరున్నరకి అందరూ ఒకేసారి కూర్చునే తరగతి కూడా ఉండేది. అది దీపం పెట్టే వేళ, పొయ్యి వెలిగించే వేళ. "ఇప్పుడే వస్తానండి" అని రాసి వెళ్ళిన ఆడవాళ్ళు మళ్ళీ శనివారం దాకా కనపడేవారు కాదు. మగవాళ్ళు మాత్రం చివరిదాకా ఉండి, "చాలా బాగా చెప్పారు సార్" అని పేరుపేరునా రాసి వెళ్ళేవాళ్ళు.

నేను రాసిన మొదటి ప్రశ్న ఆవకాయ మరకల గురించి. మా పిల్లలు మధ్యాహ్నం అన్నం తింటూ పుస్తకం చదువుతారు. పేజీ నిండా నూనె మరక పడ్డ పుస్తకాన్ని పాడైనదని రాసేయాలా, అక్షరాలు కనపడుతున్నాయి గనక ఉంచాలా? నిజంగా నాకు కావలసిన సంగతి. రెండు రోజులు చూశాను, వారం చూశాను. ఒక్క జవాబు రాలేదు. నా ప్రశ్నకి పైన ఒకాయన "శుభోదయం సార్" అని రాస్తే పదకొండు మంది తిరిగి శుభోదయం చెప్పారు. ఇంకో రెండు ప్రశ్నలు రాశాను. వాటికీ అదే గతి.

ఇదంతా గమనిస్తున్న పూలావిడ ఒకరోజు అడిగింది. "ఏంటండీ పంతులమ్మగారండీ, మొన్న రాసిందానికి జవాబొచ్చిందాండీ?"

"రాలేదమ్మా."

"ఇంక రాదండి. ఆడమనిసని సూసి పక్కనెట్టేసుంటారు. మీవారి పేరుతో అడగండి, వత్తాది. కడియపులంక పూల మార్కెట్లో నేను మా ఆయన పేరు సెప్తేనే పూలు సరిగ్గా తూస్తారండి."

"మీ ఆయన అక్కడ పనిచేస్తాడా?"

"లేదండి. పోయి నాలుగేళ్ళయ్యింది. ఆళ్ళకింకా తెలీదు."

నవ్వొచ్చింది గానీ, మాట మాత్రం బుర్రలో దిగింది. ఆ రోజే మావారి గది తలుపు కొట్టి, ఆయన్ని పక్కకి జరగమని, ఆయన లాగిన్‌లో ఆవకాయ మరకల ప్రశ్నని అక్షరం మార్చకుండా రాశాను. మర్నాటికి ఏడు జవాబులు. "చాలా లోతైన ప్రశ్న సార్" అని ఒకరు, "మీ అనుభవం కనపడుతోంది సార్" అని ఇంకొకరు. యూనివర్సిటీ సారయితే నూనె మరక వల్ల పుస్తకానికి చీమలు పట్టే ప్రమాదం మీద ఒక పేజీ రాశారు. మావారు అది చదివి, "నాకు ముందే అనుమానమొచ్చింది, చీమలొస్తాయని" అన్నారు.

అప్పట్నుంచీ అదే అలవాటైపోయింది. ప్రశ్న నాది, పేరు ఆయనది. ఎవరి పొయ్యి మీద ఉడికితేనేం, అన్నం ఉడికితే చాలనుకున్నాను. నాకు కావలసింది జవాబు, కీర్తి కాదు కదా అని నాకు నేనే గొప్పగా చెప్పుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. సంక్రాంతి దాటేసరికి మావారు ఆ వేదిక మీద పెద్దమనిషి అయిపోయారు. తణుకు నుంచి ఒకాయన ఫోన్ నంబరు అడిగారు. భీమవరం నుంచి ఇంకొకాయన వాళ్ళమ్మాయి పెళ్ళి శుభలేఖ పంపారు. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నెట్ సెంటర్‌కి బయల్దేరడం మొదలుపెట్టారు.

ఏప్రిల్లో పిడుగు పడింది. పరీక్ష రాయడానికి అర్హత లేనివాళ్ళ జాబితా అని ఒకటి పెట్టారు. చర్చావేదికలో కనీసం ఇరవైసార్లు రాసినవాళ్ళకే పరీక్ష అట. ఈ నియమం మొదట ఇచ్చిన చిన్న పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం నెట్ సెంటర్లో మావారి గదిలో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. ప్రపంచంలో ఉన్న పుస్తకాలన్నీ చదవాలనుకునేదాన్ని, ఆ పదహారు పేజీలు చదవలేదు. వేదికలో ఆయన పేరు పక్కన అరవైనాలుగు, నా పేరు పక్కన మూడు. గడువు ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ జాబితా కింద దాకా చూశాను. అన్నీ ఆడపేర్లే. ఒకే ఒక్క మగపేరు కనపడింది. ఆయన మధ్యలో కాలం చేశారని తర్వాత తెలిసింది.

స్కూటరు మీద ఇంటికి వెళుతుంటే మావారు నన్ను ఓదార్చబోయారు. "పోనీలే. నేను పాసవుతాను కదా. ఇంట్లో ఒకళ్ళకి వస్తే చాలదా?"

"స్కూటరాపండి" అన్నాను.

ఆపారు. దిగి, మిగతా దారంతా నడిచాను. ఆయన మొదటి గేరులో నా పక్కనే స్కూటరు నడుపుకుంటూ వచ్చారు. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ బండి పాడైందా అని ఆయన్నే అడిగారు. నాకు ఏడుపొచ్చింది. పదకొండేళ్ళ పుస్తకాలు, ఆ తాళంచెవి, ఏ అరలో ఏముందో చీకట్లో కూడా చెప్పగల నా బుర్ర, అన్నీ కలిపి ఆ మూడు అంకె ముందు దేనికీ పనికిరాకుండా పోయాయని ఏడుపు. దానికి తోడు, తప్పులో సగం నాదేనన్న కోపం.

మర్నాడు వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. పదిహేడుసార్లు శుభోదయం అని రాస్తే పని అయిపోతుంది. మగవాళ్ళలో సగంమంది లెక్క అలా పెరిగిందే. ఓనరూ అదే సలహా ఇచ్చాడు. నాకు చచ్చినా చెయ్యబుద్ధి కాలేదు. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుని, మావారి పేరుతో అడగడానికి వీల్లేక ఆపేసిన ప్రశ్న ఒకటుంది. అదేంటంటే, మా స్కూలు లైబ్రరీలో అన్నవరం వ్రతకథ పుస్తకాలు నలభై పైన ఉన్నాయి. కొండ మీద సత్యనారాయణ వ్రతం చేయించుకొచ్చినవాళ్ళు పుస్తకం ఇంట్లో రెండోదవుతుందని, పారేస్తే పాపమని, తెచ్చి మాకిచ్చేస్తారు. కాదనలేం. కింద అరలో పెడితే కాళ్ళు తగులుతాయని ఒప్పుకోరు. అందుకని కథల పుస్తకాలున్న అలమరలోనే పై అరలో పెట్టాం. దాంతో ఆడపిల్లలు నెలలో ఆ మూడు రోజులూ ఆ అలమర ముట్టుకోవడం మానేశారు. అడిగితే తలొంచుకుని "రేపొస్తామండి" అంటారు. మగపిల్లలు నెలంతా కథలు చదువుతారు, ఆడపిల్లలు మూడు రోజులు తక్కువ చదువుతారు. వర్గీకరణ నియమాల ప్రకారం ఆ పుస్తకాలు మతం కింద రావాలి, అంతవరకు నాకూ తెలుసు. కానీ ఏ అలమరలో ఉండాలి?

ఇది వీధి వైపుకి తిరిగిన తెర మీద కొట్టాలి. వెనక ద్రాక్షారామం బస్సు కోసం పదిమంది నిలబడి ఉన్నారు. చేతులు రాలేదు. పూలావిడ నా మొహం చూసి, "ఏంటండీ, ఆగిపోయారు?" అంది. చెవిలో చెప్పాను. ఆవిడ దండ పక్కన పెట్టి లేచి, నా వెనక నిలబడి, చీర కొంగు రెండు చేతులతో చాచి పట్టుకుంది. "రాయండి. ఎవడు సూత్తాడో నేనూ సూత్తాను" అంది. ఆ కొంగు చాటున, మొదటిసారిగా నాకూ ఒక గది దొరికింది. ప్రశ్న మొత్తం రాసి, కింద నా పేరు పెట్టాను.

సాయంత్రానికి మూడు జవాబులొచ్చాయి, మూడూ ఆడవాళ్ళవే. మర్నాటికి వేదిక కిక్కిరిసిపోయింది. జాబితాలో పేరున్న వాళ్ళందరికీ ఇరవై కావాలి, చెప్పడానికి సంగతీ ఉంది. ఒకావిడ వాళ్ళ స్కూల్లో ఆ పుస్తకాలు హెడ్మాస్టరు గదిలో పెట్టించిందట, అక్కడికి ఎలాగూ ఎవరూ వెళ్ళరట. ఇంకొకావిడ నాలుగు అట్టపెట్టెలకెత్తి, స్వామి సొమ్ము స్వామికేనని అన్నవరం కొండకే తిప్పి పంపేసిందట. తుని నుంచి ఒకావిడ, "ఇన్నాళ్ళూ మా తమ్ముడి పేరుతో రాశానండి, నా పేరుతో ఇదే మొదటిసారి" అని రాసింది. నేనొక్కదాన్నే తెలివితక్కువదాన్ని కానందుకు సంతోషించాలో, ఇంతమందిమి ఉన్నందుకు బాధపడాలో తెలియలేదు.

ఇదంతా చూసి ఒకాయనకి కోపమొచ్చింది. "ఇది చదువుకునే వేదిక, ఆడవాళ్ళ కబుర్లకి కాదు" అని రాశాడు. నేను వెంటనే, "అయ్యా, మీ శుభోదయాలు మొత్తం ఇరవైరెండు. అవి ఏ పాఠం కిందకి వస్తాయో చెప్పగలరా?" అని రాశాను. అది చూసి యూనివర్సిటీ సారు మొదటిసారి నా పేరు పెట్టి పలకరించారు. "పుస్తకంలో లేని ప్రశ్న అడిగారు మేడం, కొనసాగించండి" అన్నారు. ఆరో రోజుకి నా పేరు పక్కన ముప్ఫైఒకటి పడింది. పూలావిడకి చెబితే, నాకు జడలోకి ఒక మూర కనకాంబరాలు కొసరిచ్చింది.

కాకినాడ వెళ్ళి ఇద్దరం పరీక్ష రాశాం. ఇద్దరం పాసయ్యాం. ఆయన చదివింది నా నోట్సే, అయినా ఆయనకి ఫస్టు క్లాసు వచ్చి నాకు సెకండు క్లాసు వచ్చింది. నా చేతిరాత బావుండదు, ఆయనది ముత్యాల్లా ఉంటుంది. దానికి తోడు చర్చల్లో అందరికన్నా చురుకైన విద్యార్థి అని యూనివర్సిటీ వాళ్ళు ఆయనకొక ప్రశంసాపత్రం పంపించారు. ఆయన దానికి ఫ్రేము కట్టిస్తానన్నారు గానీ, నా మొహం చూసి బీరువాలో పెట్టేశారు.

జూన్ మొదటి వారంలో కరస్పాండెంటు గారు స్వయంగా మా ఇంటికొచ్చారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. ముందు గదిలో మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"మీ ఆవిడగారు కష్టపడ్డారు, కాదనను. కానీ కాలేజీ అన్నాక సాయంత్రం చీకటి పడేదాకా ఉండాలండి. మీకు ఫస్టు క్లాసుంది, యూనివర్సిటీ వాళ్ళే మెచ్చుకున్నారు. మిల్లులో మీకేమిస్తున్నారో నాకు తెలియంది కాదు. ఎవరు చేసినా ఇంట్లోకే కదండీ పోస్టు."

పంచదార డబ్బా అందుకోబోయి ఆగిపోయాను. మిల్లు ఆ ఏడాదో వచ్చే ఏడాదో మూతపడుతుందని మాకిద్దరికీ తెలుసు. ఆయన వయసు నలభై ఆరు. ఆయన ఆ పోస్టు తీసుకుంటానంటే తప్పని ఊళ్ళో ఒక్కరూ అనరు, మా అమ్మతో సహా. రెండు కప్పులూ ట్రేలో పెట్టుకుని వెళ్ళాను. నా వైపు చూడకుండానే మావారు కప్పు అందుకున్నారు. ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. కప్పు కింద పెట్టారు.

"ఆ ప్రశ్నలన్నీ ఆవిడవేనండి," అన్నారు. "నేను లోపల క్రికెట్టు చూసుకున్నాను. నన్ను వేసుకుంటే, రోజూ పుస్తకం ఎక్కడుందో ఇంటికొచ్చి ఆవిణ్ణి అడగాలి. ఆవిణ్ణే వేసుకుంటే మీకా తిరుగుడు తప్పుతుంది."

కరస్పాండెంటు గారు నవ్వేసి, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళారు. పోస్టు నాకే ఇచ్చారు. పధ్నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను.

అంత మంచిమాట అన్న మనిషి మీద కోపం ఉండకూడదని నాకు తెలుసు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ రెండు గుక్కలూ నాకు మరపు రావు. ఆ కాసేపట్లో ఏమాలోచించారండీ అని ఈ ఇరవై ఏళ్ళలో ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఎప్పుడడిగినా తడుముకోకుండా, "ఏమీ లేదే, కాఫీలో పంచదార ఎక్కువైంది, అదే అనుకుంటున్నాను" అంటారు. ఆ రోజు నేను కాఫీలో పంచదార వెయ్యనే లేదు.